మూడు సెకన్లు ఆగే లైను

మెడలో వేసుకోమని ఇచ్చిన విజిటర్ కార్డు తాడు మరీ పొడుగ్గా ఉంది. కూర్చుంటే ఒళ్ళో పడుతోంది, నుంచుంటే పొట్ట మీద ఊగుతోంది. ఆవిడ దాన్ని రెండుసార్లు ముడివేసి, రెండుసార్లూ విప్పేసింది. ముడివేస్తే కంగారుపడుతున్నట్టు కనబడుతుందేమోనని ఒక అనుమానం, వేయకపోతే ఒద్దిక లేని మనిషిలా కనబడుతుందేమోనని ఇంకొకటి. నలభై మూడేళ్ళ మనిషి, అందులో పదహారేళ్ళు ప్రోగ్రాములు రాసిన మనిషి, ఒక తాడుతో ఇంత కుస్తీ పట్టడం నవ్వులాటగానే ఉంటుంది. కానీ పద్నాలుగు నెలల్లో ఇది తొమ్మిదో ఇంటర్వ్యూ. మిగతా ఎనిమిదింటిలో తప్పెక్కడ జరిగిందో ఎవరూ చెప్పిన పాపాన పోలేదు కాబట్టి, ఆవిడకి తాడుతో సహా అన్నిటి మీదా అనుమానమే.

మొదటి రెండు రౌండ్లూ ఫోన్లో అయిపోయాయి. ఈ మూడోది గట్టెక్కితే ఉద్యోగం వచ్చినట్టేనని ఫోన్ చేసిన అమ్మాయి చెప్పింది. ఆ మాట ఆవిడ ఇంట్లో చెప్పలేదు. చెబితే మొగుడు ఆశపడతాడు, ఆ తరవాత ఆయన్ని ఓదార్చే పని కూడా తన మీదే పడుతుంది.

లోపల ఇద్దరున్నారు. ఒకావిడ మేనేజరు, ముందున్న కాయితాల చివర్లు సమంగా సర్దుతూ, సర్దినవాటినే మళ్ళీ సర్దుతూ ఉంది. రెండో అతనికి ముప్పై ఏళ్ళుంటాయి, మందపాటి కళ్ళజోడు, ప్రోగ్రాములు రాసేవాళ్ళకి పెద్ద. అయిదేళ్ళ తరవాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని మేనేజరు అడిగింది. నలభై ఎనిమిదో ఏట, అనబోయి ఆవిడ నాలిక్కరుచుకుంది. నేర్చుకున్న జవాబేదో చెప్పింది. కళ్ళజోడతను అడిగినవాటికి మాత్రం నేర్చుకున్న జవాబులు అక్కర్లేకపోయాయి. ఆ పని ఆవిడకి కొట్టిన పిండి. అతను రెండుసార్లు తలూపాడు. ఆ తలూపుళ్ళు చూశాక ఆవిడ కుర్చీలో కాస్త వెనక్కి ఆనుకుంది.

"ఇదే ఆఖరు ప్రశ్న మేడమ్," అని అతను గోడ మీది తెర వెలిగించాడు. నలభై లైన్ల ప్రోగ్రాము. ఆస్పత్రి మందుల కౌంటర్లో చీటీ ముద్రించే భాగం. ఇందులో అనవసరంగా ఉన్నదేమిటో చెప్పండి, అన్నాడు.

ఆవిడ పైనుంచి చదువుకుంటూ వచ్చింది. పదిహేడో లైను దగ్గర ఆగిపోయింది. అక్కడ ప్రోగ్రాము ఏ పనీ చేయదు, ఊరికే మూడు సెకన్లు ఆగుతుంది. దాని పైన, తరవాత చదివేవాళ్ళ కోసం రాసే గమనిక ఒకటి ఉంది. 'దీన్ని ఎవరూ తీయొద్దు..' అని. చివర్న రెండు చుక్కలు. ఒకటి కాదు, మూడు కాదు.

ఆ రెండు చుక్కలూ ఆవిడవే. ఉత్తరం రాసినా, సరుకుల జాబితా రాసినా ఆవిడ రెండు చుక్కలు పెట్టి ఆపుతుంది. పదకొండేళ్ళ కిందట తను పనిచేసిన చిన్న కంపెనీని ఎవరో కొనుక్కున్నారని విన్నది కానీ, ఎవరో పట్టించుకోలేదు. ఆ కొన్నవాళ్ళు వీళ్ళేనన్నమాట. తను రాసిన ప్రోగ్రామునే తీసుకొచ్చి తన ముందే పరీక్ష పెట్టారు. అది వాళ్ళకి తెలియదు.

"పదిహేడో లైను," అంది.

"కరెక్ట్," అన్నాడు కళ్ళజోడతను.

"దాన్ని తీయకూడదు."

అతను కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఎందుకని అడిగాడు. ఆవిడ నోరు తెరిచింది. చెప్పడానికి లోపల ఏమీ లేదు. ఎందుకో ఒక కారణం ఉండే ఉంటుంది, ఊరికే అంత గట్టిగా రాసే మనిషి కాదు తను. కానీ ఎంత తవ్వినా ఆ గమనికే కనబడుతోంది తప్ప దాని వెనకున్నది కనబడటం లేదు. తీయొద్దని రాసింది, ఎందుకు తీయొద్దో రాయలేదు. ఆ రోజున తెలుసు కదా, ఇక రాయడమెందుకనుకుని ఉంటుంది. ఈ వృత్తిలో ప్రతివాళ్ళూ చేసే తప్పే అది. తమకి తెలిసింది తమకి ఎప్పటికీ తెలిసే ఉంటుందనుకుంటారు.

"తెలీదు. కానీ అది రాసింది నేనే," అంది ఆవిడ చివరికి.

మేనేజరు కాయితాలు సర్దడం ఆపింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎగతాళిగా నవ్వలేదు, అంతవరకు మర్యాదస్తులే. కానీ ఆవిడ ఉద్యోగం కోసం అబద్ధమాడుతోందని అనుకున్నారో, మతి చలించిందని అనుకున్నారో, వాళ్ళ గొంతులు ఒక్కసారిగా మెత్తబడ్డాయి. ఆ మెత్తదనం ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. కళ్ళజోడతను చాలా ఓపికగా వివరించాడు. రోజుకి కొన్ని వేల చీటీలు, చీటీకి మూడు సెకన్లు, అంటే రోజుకి ఎన్ని గంటలు దండగో చూడండి, అన్నాడు. ఇప్పటిదాకా వచ్చిన పదకొండు మందీ రెండు నిమిషాల్లో పట్టుకున్నారని కూడా చెప్పాడు.

"ఇది ఉత్త పరీక్ష కాదు మేడమ్. వచ్చే సోమవారం పంపే కొత్త వెర్షన్లో నిజంగానే తీసేస్తున్నాం."

ఆవిడ ముందున్న గ్లాసులో నీళ్ళన్నీ తాగేసింది. తరవాత ఏం మాట్లాడిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. బయటికొచ్చి, కార్డు తిరిగిచ్చేటప్పుడు తాడుకి ముడి ఉంది. ఎప్పుడు వేసిందో మరి.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సాయంత్రం ఇంటికి రాగానే సింకు దగ్గర నుంచుని గోళ్ళలో గ్రీజు పాత బ్రష్షుతో తోముకోవడం ఆయన అలవాటు. తోముకుంటూనే కథంతా విన్నాడు. ఆవిడ మూడో రౌండు సంగతి కూడా దాచకుండా చెప్పేసింది, ఇక దాచి చేసేదేముంది.

"తీసేయమని చెప్తే పోయేదిగా," అన్నాడు.

ఆవిడ మొహం ముడుచుకుంది. కూర గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడులోనే జవాబు తెలిసిపోయింది ఆయనకి. తింటూ, ఏదో తనకి తనే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు తలుపు మరీ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటోందని అందరూ గోల చేస్తే, తనే రెండు సెకన్లు తగ్గించాడట. వారం తిరక్కుండా ఎనిమిదో అంతస్తు ముసలాయన చేతికర్ర తలుపుల మధ్య ఇరుక్కుంది. అదృష్టం బాగుండి కర్రే ఇరుక్కుంది.

"ఆ రెండు సెకన్లూ ఆయన కోసం పెట్టారని నాకు మాత్రం ఎవరు చెప్పారు?" అన్నాడు. "నువ్వు పెట్టావంటే ఎవరి కోసమో పెట్టే ఉంటావు. ఎవరో గుర్తు తెచ్చుకో."

అదే కదా అసలు బాధ. ఉద్యోగం పోయినా మళ్ళీ వెతుక్కోవచ్చు. తను రాసింది తనకే గుర్తులేకపోతే, ఇన్నాళ్ళూ తన దగ్గర ఉందనుకున్నది ఏమిటి? తలలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయా? ఎనిమిది కంపెనీలవాళ్ళూ తనకి కనబడనిది తనలో చూశారా? ఆవిడకి నిజంగా భయం వేసింది.

మర్నాడు బుధవారం, బట్టలు ఆరేస్తుండగా మెయిల్ వచ్చింది. మీ అనుభవాన్ని గౌరవిస్తున్నాం, అయితే, అని మొదలైంది. 'అయితే' తరవాత చదవక్కర్లేదు, కానీ చదివింది. మీరు ఆరు నెలల వరకు మా సంస్థలో ఏ ఉద్యోగానికీ మళ్ళీ దరఖాస్తు చేసుకోవడానికి వీలుండదు, ఈ మెయిల్‌కి జవాబు రాయవద్దు, అని ముగిసింది. ఆవిడ తడి దుప్పటి అలాగే చేతుల్లో పట్టుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తుంటే చీర కాస్తా తడిసి ముద్దయింది. అప్పుడు లేచి దుప్పటి ఆరేసింది.

గురువారం పొద్దున్నే ఆవిడ బస్సెక్కి, అప్పట్లో తను ఆ ప్రోగ్రాము రాసిచ్చిన ఆస్పత్రికి వెళ్ళింది. ఎందుకు వెళుతోందని ఎవరైనా అడిగుంటే నీళ్ళు నమిలేదే. పోయిన వస్తువుని ఆఖరుసారి ఎక్కడ చూశామో అక్కడికే వెళ్ళి వెతుకుతాం కదా, అలా వెళ్ళింది.

మందుల కౌంటరు అప్పటి చోటే ఉంది. గోడల రంగు మారింది, కుర్చీలు మారాయి, నంబర్లు చూపించే ఎర్ర దీపాల పలక కొత్తగా వచ్చింది. కౌంటరు అంచుకి కొట్టిన ఇనపరేకు మాత్రం అదే. జనం మోచేతులు ఆనించీ ఆనించీ మధ్యలో నున్నగా మెరుస్తోంది. ఆ మెరుపు చూడగానే ఆవిడకి ఒక చప్పుడు గుర్తొచ్చింది. టకటకమని ఒక చప్పుడు, తరవాత కీచుమని ఇంకొకటి.

పాత ప్రింటరు. గోనెసంచంత ఉండేది. చీటీ ముద్రించాక దాన్ని కత్తిరించే బ్లేడు నెమ్మదిగా వచ్చేది. అది వచ్చేలోపు రెండో చీటీ పంపితే, రెండూ అతుక్కుని బయటికొచ్చేవి. ఒకాయన మందులు ఇంకొకాయన సంచిలోకి వెళ్ళిపోయేవి. ఆవిడ ఆ రోజుల్లో ఈ కౌంటరు వెనకే స్టూలు వేసుకుని ఒక రోజంతా కూర్చుంది. బ్లేడుకి మూడు సెకన్లు పడుతోందని చేతి గడియారం పెట్టి లెక్కేసింది. లైను రాసింది. తీయొద్దని రాసింది.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. దీపాలేవీ ఆరలేదు. అక్కడే నుంచుని పిచ్చిదానిలా నవ్వుకుంది కూడా. ఆ నవ్వు పూర్తికాకుండానే కౌంటరు లోపలికి చూసింది. పాత ప్రింటరు లేదు. దాని చోట, అరచేతిలో పట్టేటంత చిన్న డబ్బా ఒకటి చీటీని చడీచప్పుడూ లేకుండా బయటికి జారుస్తోంది. బ్లేడు లేదు, అతుక్కోవడం లేదు. అంటే కళ్ళజోడతను చెప్పిందే నిజం. లైను అనవసరం. పదకొండు మందీ రైటు, తనొక్కతే పప్పులో కాలేసింది.

ఇక ఇంటికి పోవలసిందే. కానీ బస్సుకి ఇంకా టైముంది. ఆవిడ ఒక కుర్చీలో కూర్చుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. కౌంటర్లో తెల్లకోటావిడ ఒక్కొక్కరికీ మందులిస్తోంది. మందులు పోగుచేస్తుంది, బటన్ నొక్కుతుంది, తల ఎత్తుతుంది, ఎదుటి మనిషి మొహంలోకి చూసి మీ పేరేమిటని అడుగుతుంది, వాళ్ళు చెబుతారు, అప్పుడు చీటీ వస్తుంది, చింపి సంచికి అంటిస్తుంది. తరవాతి మనిషి. మందులు, బటన్, తల ఎత్తడం, పేరు, చీటీ. పక్క కౌంటర్లో అబ్బాయీ అంతే. ఆ పక్కనా అంతే. తెర మీద పేరు కనబడుతూనే ఉంది కదా, మళ్ళీ అడగడం దేనికి? ఒక పది మందిని చూశాక ఆవిడ వెన్ను నిటారుగా అయింది. బటన్‌కీ చీటీకీ మధ్య ఆ తల ఎత్తడానికి పట్టేది సరిగ్గా మూడు సెకన్లు.

రద్దీ తగ్గాక దగ్గరికి వెళ్ళింది. తెల్లకోటావిడ తల ఎత్తి అలవాటుగా పేరడగబోయి, ఆగి, కళ్ళు చికిలించి చూసింది. "ప్రింటరు మేడమ్ కదూ? ఇక్కడే స్టూలేసుకుని కూర్చునేవారు, నేను అప్పుడే చేరాను," అంది.

పేరెందుకు అడుగుతారని ఆవిడ అడిగింది. తెల్లకోటావిడకి ఆ ప్రశ్న అర్థం కావడానికే కొంచెం సేపు పట్టింది. ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాం, అంది. కొత్తగా చేరినవాళ్ళకి తనే అలా నేర్పుతుందట.

"ఈ మిషను బటన్ నొక్కగానే కాసేపు ఆలోచించుకుంటుంది కదండీ. ఆ కాసేపూ ఊరికే ఉండలేక పేరడుగుతాం, మొహం చూస్తాం. నెలకి ఇద్దరు ముగ్గురైనా దొరుకుతారు, వేరేవాళ్ళ నంబరుకి లేచొచ్చినవాళ్ళు. మొన్న ఒక పిల్ల తల్లి చేతిలో ఎవరో పెద్దాయన గుండె మందులు పెట్టబోయాను. పేరడిగాను కాబట్టి సరిపోయింది."

మిషను ఆలోచించుకోకుండా వెంటనే చీటీ ఇచ్చేస్తే, అని ఆవిడ అడిగింది. తెల్లకోటావిడ క్యూ వంక చూసి, ఇంత జనంలో ఇక తల ఎత్తేదెవరండీ, అని మామూలుగా అనేసి తరవాతి మనిషికి మందులు తీయడంలో పడిపోయింది.

బస్సులో ఆవిడ బుర్ర గిర్రున తిరుగుతూనే ఉంది. లైను పెట్టిన కారణం చచ్చిపోయింది. లైను మాత్రం బతికే ఉంది, ఎవరికీ చెప్పకుండా ఇంకో పనిలో కుదురుకుంది. ఇప్పుడు అది అనవసరమా, అవసరమా? తను మంగళవారం చెప్పింది తప్పా, ఒప్పా? ఆవిడకి తేలలేదు. తేలింది ఒక్కటే. సోమవారం దాన్ని తీసేస్తారు, తీసేసే సంగతి తెల్లకోటావిడకి తెలియదు, తెల్లకోటావిడ సంగతి తీసేసేవాళ్ళకి తెలియదు. రెండూ తెలిసింది తనొక్కదానికే, తన మాట వినేవాళ్ళు లేరు.

శుక్రవారం పది గంటలకి కంపెనీ గేటు దగ్గర నుంచుంది. ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి మెయిల్ పంపమంది, మెయిల్ పంపితే తిరిగొచ్చింది. అపాయింట్‌మెంటు లేనిదే లోపలికి పంపనని గేటు దగ్గర గార్డు మర్యాదగానే చెప్పి, మర్యాదగానే దారికి అడ్డంగా నుంచున్నాడు. పరీక్షలో తప్పినావిడ మళ్ళీ వచ్చి గేటు పట్టుకుని వేలాడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారో ఆవిడకి తెలియకపోలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే ఎదురుగా టీ అమ్మే చోట బెంచీ మీద కూర్చుంది. పదకొండున్నరకి కళ్ళజోడతను టీకి వచ్చాడు. ఆవిడని చూసి, చల్లగా జారుకుందామని చూశాడు.

"ఉద్యోగం కోసం రాలేదు బాబూ. రెండు నిమిషాలు విని వెళ్ళిపో," అంది ఆవిడ. పరీక్ష పెట్టినవాణ్ణి బాబూ అని ఏకవచనంలో పిలిచేసింది. తరవాత తలుచుకుంటే ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

అతను విన్నాడు. టీ మీద మీగడ కట్టేదాకా విన్నాడు. పాత ప్రింటరు సంగతి చెప్పినప్పుడు, అంటే తీసేయొచ్చన్నమాటేగా, అన్నాడు. తల ఎత్తడం సంగతి చెప్పినప్పుడు, పేరు అడిగారా అని తెర మీద ఒక గడి పెడితే సరిపోతుంది కదా, టిక్కు పెడితేనే చీటీ వచ్చేట్టు, అన్నాడు. ఆవిడ అతని మెడలో కార్డు వంక చూసింది.

"ఆ కార్డు తీసుకునేటప్పుడు, నిబంధనలు చదివానని ఏదో గడిలో టిక్కు పెట్టే ఉంటావు కదా. చదివావా?"

అతను నవ్వాపుకుని, ఇంతకీ తీయమంటారా, వద్దంటారా, ఒక్క మాట చెప్పండి, అన్నాడు.

"తెలీదు," అంది ఆవిడ. మంగళవారం నాడు ఇదే మాట ఆఖరికి గానీ బయటికి రాలేదు. ఇవాళ వెంటనే వచ్చింది. "నిజంగానే తెలీదు. ఒక గంట అక్కడ కూర్చుని నువ్వే చూడు."

అతను గడియారం చూసుకున్నాడు, మీటింగుందన్నాడు, వెళ్ళిపోయాడు. చల్లారిన టీ బెంచీ మీదే ఉండిపోయింది. ఆవిడ ఇంటికొచ్చి, చెప్పాల్సింది చెప్పేశానని మొగుడితో అంది. ఏమన్నాడని ఆయన అడిగాడు. మీటింగుందన్నాడని చెప్పింది. ఆయన బ్రష్షు తీసుకుని గోళ్ళు తోముకోవడం మొదలుపెట్టాడు.

శనివారం ఫోన్ మోగలేదు. ఆదివారం మోగదని తెలుసు, అయినా స్నానానికి వెళ్ళేటప్పుడు దాన్ని తలుపు దగ్గర పెట్టుకుంది. సోమవారం తొమ్మిదిన్నరకి మోగింది. కళ్ళజోడతనే. శనివారం గంట కూర్చుందామని ఆస్పత్రికి వెళ్ళానండీ, మూడు గంటలు కూర్చున్నాను, అన్నాడు. అతను చూస్తుండగానే ఒకే ఇంటిపేరున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళ మందులు తారుమారు కాబోయి ఆగాయట. కొత్త వెర్షను ఇవాళ పంపడం లేదన్నాడు. ఒకసారి రాగలరా, అన్నాడు.

ఈసారి గార్డు సల్యూట్ కొట్టినంత పనిచేశాడు. కార్డు మాత్రం విజిటర్ కార్డే, తాడు అంతే పొడుగు. కళ్ళజోడతను తిన్నగా తన సీటు దగ్గరికి తీసుకెళ్ళి, తన కుర్చీలో కూర్చోబెట్టి, పదిహేడో లైను తెరిచి కీబోర్డు ఆవిడ వైపు జరిపాడు. మీ గమనిక మీరే సరిచేయండి మేడమ్, అన్నాడు. ఆవిడ పాత వాక్యం చెరిపేసి, పాత ప్రింటరు బ్లేడు గురించి రాసింది. అది ఇప్పుడు లేదని రాసింది. ఈ మూడు సెకన్లలో కౌంటరులో మనిషి తల ఎత్తి పేరడుగుతుందని రాసింది. తీయొద్దని రాయలేదు. 'తీసేముందు కౌంటరు దగ్గర ఒక గంట కూర్చుని చూడండి..' అని రాసి, రెండు చుక్కలు పెట్టి ఆపింది.

వెనక నుంచి ఆ చుక్కలు చూశాడతను. "నిజంగా మీరే," అన్నాడు మెల్లగా. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మేనేజరు ఇద్దరినీ తన గదికి పిలిచింది. మంగళవారం నాటి మెత్తదనం ఇప్పుడు మేనేజరు గొంతులో లేదు, దాని బదులు ఇబ్బంది ఉంది. మిమ్మల్ని తీసుకోవాలనే ఉంది, అంది. ఖాళీ ఉంది, అందరికీ ఇష్టమే. కానీ కంప్యూటర్లో మిమ్మల్ని వద్దన్నట్టు నమోదైపోయింది. ఒకసారి వద్దన్నవాళ్ళని ఆరు నెలల దాకా తీసుకోకూడదని నిబంధన. పొద్దుటినుంచీ ప్రయత్నిస్తుంటే పేరు ఎక్కించగానే వెనక్కి తోసేస్తోంది.

"ఎందుకు పెట్టారండీ ఆ నిబంధన?" అంది ఆవిడ.

మేనేజరు కళ్ళజోడతని వంక చూసింది. అతను నేల వంక చూశాడు. "ఎవరికీ తెలీదు. నేను చేరేటప్పటికే ఉంది," అంది మేనేజరు కాయితాల చివర్లు సర్దుతూ. "మార్చవద్దని మాత్రం రాసి ఉంది."

తీసిపారేయండి, అనే మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం ఆ మాటకి అవతలే ఉంది. పద్నాలుగు నెలలు ఆ మాటకి ఇవతల ఉన్నాయి. ఇంట్లో గోళ్ళు తోముకునే మనిషి మొహం కూడా కళ్ళ ముందు మెదిలింది. కళ్ళజోడతను ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

"పెట్టినాయన ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి," అంది ఆవిడ. "దేనికి పెట్టారో ఆయన్నే అడుగుదాం. ఆ తరవాత తీయాలో వద్దో చూద్దాం."

మేనేజరు ఆవిడని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. కాయితాలు పక్కకి జరిపి, ఫోన్ అందుకుని నంబరు నొక్కసాగింది. మీరు కావాలంటే వెళ్ళండి మేడమ్, ఎంతసేపు పడుతుందో తెలీదు, అన్నాడు కళ్ళజోడతను.

ఫర్వాలేదు బాబూ, కూర్చుంటాను, అంది ఆవిడ. కుర్చీ ముందుకి లాక్కుని, విజిటర్ కార్డు తాడుకి కుదురుగా ఒక ముడి వేసుకుని కూర్చుంది.